డిసెంబరు 20 సాయంత్రం, దేశదేశాల క్రిస్మస్ ఆచారాలు: హాలు విషయమై అందరూ వెంటనే చూడవలసినది

కార్యదర్శి:
అందరికీ నమస్కారం. వేదిక, మైకులు, కార్లు నిలిపే చోటు, ఆహ్వాన పత్రాలు, భోజనాల వరుస, ఈ అయిదు పనులు ఎంతవరకు వచ్చాయో రేపు రాత్రిలోగా రాయమని అడగబోతుండగా హాలు నిర్వాహకుల లేఖ అందింది. వెలుగుతున్న కొవ్వొత్తుల ఊరేగింపు, గొలుసులు మోగించే ముసుగు వేషం ఉన్న కార్యక్రమానికి తమ బీమా వర్తించదని, కనుక మనకిచ్చిన అనుమతిని ఉపసంహరించుకుంటున్నామని అందులో ఉంది. ఏం చేద్దామో చెప్పండి.

అలంకరణ బృందం:
కొవ్వొత్తులు కారణమంటే నేను ఒప్పుకోను. సెయింట్ లూసియా వేషం వేసే అమ్మాయి కిరీటానికి మేము అమర్చినవి బ్యాటరీ దీపాలు. స్వీడన్‌లో డిసెంబరు 13న తెల్లని అంగీ, నడుముకు ఎర్రని పట్టీ కట్టుకొని నడిచే పిల్లలకు కూడా ఈ రోజుల్లో అటువంటి దీపాలే పెట్టడం మామూలు. దరఖాస్తు నింపినవారు ఒక్క మాట మమ్మల్ని అడిగి ఉంటే సరిపోయేది. ఇక ఆ కొమ్ముల వేషం ఎందుకని నేను మొదటి సమావేశంలోనే అడిగాను.

నాటికల బృందం:
వదిన గారూ, వేలు నా వైపు చూపిస్తున్నారు కనుక చెబుతున్నాను. ఆస్ట్రియా కొండ పల్లెల్లో డిసెంబరు 5 రాత్రి క్రాంపస్ అనే కొమ్ముల రాక్షసుడు, బిషప్పు వేషంలోని నికొలస్ వెంట నడుస్తాడు. మంచి పిల్లలకు ఆయన కానుకలిస్తే, అల్లరి పిల్లలను ఇతడు బెదిరిస్తాడు. భయపెట్టేవాడిని తీసేసి కానుకల సంచిని మాత్రం ఉంచుకుంటే ఆ కథలో ఉప్పూ కారం ఏముంటాయి? నెల రోజులు కూర్చొని ముసుగు చెక్కినవారికి ఇదా మర్యాద?

పిల్లల బృందం:
క్రాంపస్‌కు బదులు ఐస్‌లాండ్ వారి గ్రీలాను తెద్దామని ఎవరూ అనకముందే మనవి చేస్తున్నాను: ఆవిడ అల్లరి పిల్లలను వండుకు తినే రాక్షసి.

కోశాధికారి:
బయానా తిరిగి ఇస్తామన్నారు. అయితే ఈ నెలలో మరో హాలు దొరికినా దాని అద్దెకు ఆ మొత్తం చాలదు. చందాలు మళ్లీ అడగడానికి నేను సిద్ధంగా లేను. ఎందుకో ఇక్కడున్న వారందరికీ తెలుసు.

నాటికల బృందం:
తెలుసు. ఆ పాత లెక్కలు ఇప్పుడు తవ్వుకోవడం దేనికి?

పాటల బృందం:
ఇద్దరూ కాస్త శాంతించండి. హాలు లేకుండా జరిగే పండుగ మన పట్టికలోనే ఉంది. మెక్సికోలో డిసెంబరు 16 నుంచి 24 వరకు తొమ్మిది రాత్రులు పొసాదాలు జరుపుతారు. మరియ, యోసేపుల వేషాలతోనో బొమ్మలతోనో జనం ఇంటింటికీ వెళ్లి, రాత్రికి చోటిమ్మని బయట నుంచి ఒక చరణం పాడితే, చోటు లేదు పొమ్మని లోపలివారు మరొక చరణం పాడతారు. చివరి ఇంట్లో తలుపు తీసి అందరినీ పిలిచి, పిల్లల చేత మిఠాయిలు నింపిన పిన్యాతా పగలగొట్టిస్తారు. ఏడు కొమ్ముల నక్షత్రంలా చేసే ఆ బుట్టలో కొమ్ములు ఏడు మహాపాపాలకు గుర్తు. మన తేదీ ఆ తొమ్మిది రాత్రుల్లోనే పడింది. ఒకే వీధిలో మూడు ఇళ్లు దొరికితే చాలు. మా ఇల్లు చివరిది చేసుకోండి.

అలంకరణ బృందం:
మా ఇల్లు రెండోది. లూసియాను ఊరేగింపులో కలపవద్దని మాత్రం నా కోరిక. ఒక ఆచారం మీద మరొకటి కప్పితే చూసేవారికి ఏదీ మిగలదు. ఆ అమ్మాయి మా కిటికీలో దీపాలతో నిలబడితే బయటి నుంచే అందరికీ కనిపిస్తుంది.

నాటికల బృందం:
బాగుంది. గుమ్మం ముందు పాడే ఆచారం దక్షిణ వేల్స్‌లోనూ ఉంది. గుర్రం పుర్రెను కర్రకు తగిలించి, తెల్లని దుప్పటి కప్పి, రిబ్బన్లు కట్టి క్రిస్మస్ రోజుల్లో ఇల్లిల్లూ తిప్పుతారు. దాన్ని మారీ లూయిడ్ అంటారు. బయటివారూ లోపలివారూ ఆశువుగా ప్రాసలతో వాదించుకున్నాక, లోపలివారు ఓడితే తలుపు తీయాలి. మొదటి ఇంటి దగ్గర దాన్ని పెడదాం. దవడ ఆడేటట్లు అట్టతో తల చేస్తాను. గొలుసులు, మంటలు ఏవీ ఉండవు.

కార్యదర్శి:
అది క్రైస్తవ ఆచారమేనా అని సభ్యులు అడుగుతారేమో.

నాటికల బృందం:
ఆ అనుమానం వేల్స్‌లోనే వచ్చింది. 1852లో విలియం రాబర్ట్స్ అనే బాప్టిస్టు బోధకుడు దాన్ని ఖండిస్తూ పుస్తకం రాసి, ఎంత తప్పో చూపించడానికి ఆ చరణాలను కూడా అచ్చు వేశాడు. అవి నిలిచి ఉండడానికి ఆ పుస్తకం కూడా ఒక కారణం. అడిగినవారికి ఈ సంగతి చెప్పండి.

పిల్లల బృందం:
చివరి ఇంట్లో పోలండ్ వారి పద్ధతిలో బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంచుదాం. క్రిస్మస్ ముందు రాత్రి అనుకోని అతిథి వస్తే కూర్చోవడానికి వారు అలా ఉంచుతారు. బల్లగుడ్డ కింద పరచడానికి కాస్త ఎండుగడ్డి కూడా కావాలి. మూడిళ్ల ఇరుగుపొరుగు వారికి పాటల గురించి ముందే చెప్పి రావడానికి నాతో ఎవరు వస్తారు?

అలంకరణ బృందం:
నేను వస్తాను. అన్నయ్య గారూ, గుర్రం మీద కప్పడానికి మా దగ్గర తెల్లని దుప్పటి ఉంది, కొనకండి.

పాటల బృందం:
మొదటి ఇంటి లోపల నిలబడి కాదు పొమ్మనడానికి గట్టి మనిషి కావాలి. కోశాధికారి గారిని మించినవారు మనలో లేరు.

కోశాధికారి:
అంగీకరిస్తున్నాను. మా ఇల్లే మొదటిది చేసుకోండి. మీ చరణాలు గురువారంలోగా పంపితే జవాబులు రాసుకుంటాను. ప్రాస కుదరకపోతే తలుపు తీయను.