తిరిగే వైల్డ్ మౌస్‌లో ఒక బండి గిర్రున, ఇంకొకటి మెల్లగా ఎందుకు తిరుగుతుంది?

ప్రశ్న (పాప నాన్న):
మా అమ్మాయి తిరిగే వైల్డ్ మౌస్ (చిన్న బండ్లు ఇరుకు మలుపుల్లో తిరుగుతూ పోయే రోలర్ కోస్టర్) ఎక్కుదామని పట్టుబట్టింది. మామూలు రోలర్ కోస్టర్ ఎంత ఎత్తు నుంచి జారినా నాకు ఇబ్బంది లేదు. గుండ్రంగా తిరిగేవి మాత్రం పడవు, దిగాక చాలాసేపు కడుపులో తిప్పుతూనే ఉంటుంది. కింద నిలబడి చూస్తే ఒక బండి గిరగిరా తిరుగుతోంది, దాని వెనక వచ్చినది దాదాపు తిరగకుండానే దిగిపోతోంది. ఇది నడిపేవాళ్ళ చేతిలో ఉంటుందా? నెమ్మదిగా తిప్పమని అడగవచ్చా? పాపను ఒంటరిగా ఎక్కించడం నాకు ఇష్టం లేదు.

జవాబు (కోస్టర్ ప్రియుడు):
అడిగి చూడండి. వాళ్ళ దగ్గర మీట ఉంటుందనుకుంటాను.

జవాబు (ప్లాట్‌ఫారం మనిషి):
మీట ఏమీ ఉండదండీ. ఇలాంటి రైడ్ దగ్గర జనాన్ని కూర్చోబెట్టి, కడ్డీలు బిగించే పని చేశాను కాబట్టి చెబుతున్నాను. బండిలో రెండు భాగాలుంటాయి. పట్టాల మీద నడిచే చట్రం కింద, సీట్లున్న తొట్టి పైన, రెంటి మధ్య పెద్ద బేరింగ్. చైను పైకి లాగేటప్పుడు, చాలా రైడ్లలో పైనున్న మొదటి మలుపుల్లోనూ, తొట్టి కదలకుండా బిగించి ఉంటుంది. తరువాత ఆ పట్టు వదులుతుంది. అక్కడి నుంచి తిప్పేది మోటారు కాదు, కూర్చున్న మనుషుల బరువే.

మామూలు కోస్టర్‌లో మలుపు దగ్గర పట్టా లోపలికి వాలి ఉంటుంది. వైల్డ్ మౌస్ మలుపులు చదునుగా, చాలా ఇరుకుగా ఉంటాయి. చట్రం ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంది, బరువెక్కువున్న వైపు మాత్రం ఇంకా తిన్నగా పోవాలని చూస్తుంది. దాంతో తొట్టి తిరగడం మొదలవుతుంది. తరువాతి మలుపు అదే దిశలో తోస్తే వేగం పెరుగుతుంది, ఎదురు తోస్తే తగ్గుతుంది. బరువు బేరింగ్‌కు అన్ని వైపులా సమంగా ఉంటే ఆ తోపుకు పట్టు దొరకదు. మీరు చూసిన రెండు బండ్ల తేడా ఇదే.

కాబట్టి మీరు అడగవలసింది వేగం గురించి కాదు, కూర్చునే చోటు గురించి. నలుగురు పట్టే బండిలో వీపులు ఆనించి ఇద్దరిద్దరుగా కూర్చునే ఏర్పాటు ఉంటే, ఒక పెద్దా ఒక చిన్నా ఇటు, అలాగే అటు కూర్చోండి. పెద్దవాళ్ళిద్దరూ ఒకరికొకరు ఐమూలగా ఉండాలి. మీరిద్దరే ఉంటే, మీలాంటి మరో జంటతో కలిపి ఎక్కించమని అడగండి. కుదిరితే తప్పక చేస్తారు. అందరూ ఒకే వరుసలో కూర్చునే బండ్లలో ఈ సర్దుబాటుకు చోటు తక్కువ. ఎత్తు నియమం, సీటు నియమం ఏది చెప్పినా అది మాత్రం దాటకండి.

ఇక కళ్ళు తిరగడం. లోచెవిలోని నాళికల్లో ద్రవం ఉంటుంది. మనం ఆగినా అది వెంటనే ఆగదు, అందుకే దిగాక కూడా లోకం తిరుగుతూనే ఉంటుంది. బయట పరుగెత్తే దృశ్యం చూడకండి. మీ ఒడిలోని కడ్డీ మీదో, పాప ముఖం కనిపిస్తే ఆ ముఖం మీదో చూపు నిలపండి, అవి మీతోపాటే తిరుగుతాయి కదా. తల వెనక్కి ఆనించి ఉంచండి. దిగగానే తల వంచి చెప్పులు సరిచేసుకోవద్దు, ముందు కాసేపు కూర్చోండి.

జవాబు (పాత కోస్టర్ల అభిమాని):
ఈ సరదా కొత్తదేమీ కాదు. 1908లోనే అమెరికాలోని కోనీ ఐలాండ్ లూనా పార్కులో వర్జీనియా రీల్ అనేది నడిచింది. గుండ్రటి తొట్లు తమంతట తాము తిరుగుతూ వాలు దిగేవి. అదుపుతో తిరిగేవి కావాలంటే 2018లో మొదలైన టైమ్ ట్రావెలర్ ఉంది, అందులో అయస్కాంతాలు తిరుగుడును అదుపు చేస్తాయి. అది వైల్డ్ మౌస్ కాదు, చాలా పెద్ద కోస్టర్.

పాప నాన్న:
చాలా ధన్యవాదాలు. ఇంకొక సందేహం. పై మలుపుల్లో బండి పట్టా దాటి బయటకు పోతున్నట్టు కనిపించింది. అది మామూలేనా?

ప్లాట్‌ఫారం మనిషి:
మామూలే. బండి ముందు భాగం చక్రాలకన్నా ముందుకు పొడుచుకుని ఉంటుంది. అది అంచు దాటాకే చక్రాలు మలుపు అందుకుంటాయి. పట్టాకు పైన, పక్కన, కింద చక్రాలుంటాయి కాబట్టి బండి లేచిపోదు. దారిలో అక్కడక్కడ బ్రేకులు పట్టుకుంటాయి, ముందు బండి తన భాగం ఖాళీ చేసేదాకా వెనక బండిని రానివ్వవు. అప్పుడు మెడకు కాస్త కుదుపు తగులుతుంది. మెడనొప్పి, నడుంనొప్పి ఉన్నవాళ్ళనూ గర్భిణులనూ ఎక్కవద్దనేది అందుకే. మీకు అలాంటివి లేకపోతే పాపతో ఎక్కండి.