సిల్వర్ జూబిలీ స్కిట్‌లో ఫ్యాన్ సీన్: నవ్వించాలి, నొప్పించకూడదు. సలహా కావాలి

పెళ్లై పాతికేళ్లయిన జంట ఫంక్షన్‌కి ఆరు నిమిషాల స్కిట్ రాస్తున్నాం. నాటకాలు వేయించే అలవాటున్నవాళ్లు కాస్త చూసి చెప్పండి.

మొదటి సీన్ చత్వారం. మందుల సీసా మీది ఎక్స్‌పైరీ తేదీ కంటికి ఆనక, ఆయన చెయ్యంతా చాపుతాడు. అదీ చాలక సీసా భార్య చేతికిచ్చి ఆవిణ్ణి గుమ్మం దాకా వెనక్కి నడిపిస్తాడు. కళ్లజోడు మాత్రం నెత్తి మీదే ఉంటుంది! డైలాగ్ వినపడకపోయినా చివరి వరసకి అర్థమవుతుంది, కాబట్టి దీంతో బెంగ లేదు.

చిక్కంతా రెండోదానితోనే. ఆవిడకి ఒంట్లో ఆవిర్లు, రెగ్యులేటర్ 5 మీద పెడుతుంది. ఆయన మంకీ క్యాప్ పెట్టుకుని దొంగతనంగా 2కి తిప్పుతాడు. మెనోపాజ్‌ని వెక్కిరించినట్టు ఉండకూడదని ఆవిడకి ఒక్క జోకూ పెట్టలేదు, పాట్లన్నీ ఆయనవే. అయినా ముందు వరసలో అత్తగారు, ఆడపడుచులు ఉంటారు. ఇంత జాగ్రత్త చాలా, లేక సీనే తీసేయాలా?

ఇంకోటి. జనం నవ్వుతుండగానే మావాళ్లు తర్వాతి మాట అనేస్తున్నారు, అది గాల్లో కలిసిపోతోంది. నవ్వు సగానికి తగ్గేదాకా ఆగమంటే బొమ్మల్లా బిగుసుకుపోతున్నారు. ఆ రెండు మూడు సెకన్లు చేతికి ఏం పని ఇవ్వాలి? దుప్పటి మడత పెట్టించడం తప్ప మాకేం తట్టలేదు.

హాల్లో కార్డ్‌లెస్ మైకు ఒక్కటే ఇస్తారు. చేతులు మారేసరికి పంచ్ చల్లారిపోతుంది. వాయిస్ ముందే రికార్డు చేసి పెడితే నయమా? అలా చేస్తే నవ్వు కోసం ఆగడం కుదరదు కదా.

భోజనాలకు ముందు వేయాలా, తర్వాతా? తర్వాతంటే సగంమంది తాంబూలం పుచ్చుకుని వెళ్లిపోతారు.