బోర్డు ఆటలూ కర్ణాటక సంగీతమూ ఇష్టమైన మరిదికి సంక్రాంతి కానుకగా ఏమివ్వాలి?

ప్రశ్న (నెల్లూరు వదిన)

సంక్రాంతి సెలవులకు మా మరిది బెంగళూరు నుంచి నెల్లూరు వస్తున్నాడు. పండక్కి బట్టలు పెట్టడం మా అత్తగారింట్లో ఎలాగూ ఉన్నదే. అది కాక, అన్నావదినల తరఫున విడిగా ఏదైనా ఇవ్వాలని ఈసారి అనుకున్నాం. అతనికున్న సరదాలు రెండే. ఒకటి బల్ల మీద పరిచి ఆడుకునే బోర్డు ఆటలు, కార్డు ఆటలు. కటాన్, టికెట్ టు రైడ్ లాంటి పెట్టెలతో అతని అలమార నిండిపోయింది. రెండోది కర్ణాటక సంగీతం. చిన్నప్పుడు కొన్నేళ్లు గాత్రం నేర్చుకున్నాడు. ఇప్పుడు పాడకపోయినా, ఆలాపన మొదలుకాగానే రాగం పేరు చెప్పేస్తాడు.

వీణ బొమ్మ వేసిన కాఫీ కప్పులు, సరిగమలు అచ్చువేసిన చొక్కాలు అంగళ్లలో చూశాను గానీ, సంగీతం తెలిసినవాడికి అవి ఇవ్వడానికి మనసొప్పలేదు. మూడు వేల రూపాయల దాకా పెట్టగలం. రెండు సరదాలూ కలిసివచ్చే వస్తువు దొరికితే సంతోషం. దొరక్కపోతే ఒక్కదానికే సరిపోయే మంచి వస్తువైనా చాలు. పండగ నాలుగు రోజులూ ఇంట్లో పిల్లలూ పెద్దలూ కలిసి ఆడగలిగేదైతే మరీ మంచిది, ఎందుకంటే అతని ఆటల నియమాలు సగం వినేసరికే మా మామగారు పేపరు అందుకుంటారు.

జవాబు (కావలి ఆటగాడు)

సంగీతమే ఇతివృత్తంగా వచ్చిన బోర్డు ఆటల్లో నేను ముందుగా చెప్పేది లాక్రిమోసా. స్పెయిన్‌కు చెందిన డెవిర్ సంస్థ దీన్ని 2022లో విడుదల చేసింది. 1791లో పాశ్చాత్య స్వరకర్త మోత్సార్ట్ తన రెక్వియమ్‌ను (మృతుల కోసం పాడే ప్రార్థనా సంగీతాన్ని) పూర్తిచేయకుండానే కన్నుమూశాడు కదా. ఆటగాళ్లందరూ అతని పోషకుల పాత్రలు ధరించి, అతను బతికుండగా తాము రాయించుకున్న రచనలను తలచుకుంటూ, అసంపూర్ణంగా మిగిలిన ఆ కృతిని ఇతర స్వరకర్తల చేత పూర్తిచేయిస్తారు. ఒకరి నుంచి నలుగురి దాకా ఆడవచ్చు. అయితే అది దిగుమతి పెట్టె కనుక మీరనుకున్న మొత్తంలో దొరుకుతుందని నేను అనుకోను. పైగా బరువైన ఆట, మీ మామగారి సంగతి మీరే చెప్పారు.

అందుకని నా అసలు సలహా ది మైండ్. 2018లో వచ్చిన ఈ చిన్న పెట్టెలో 1 నుంచి 100 దాకా అంకెలున్న కార్డులుంటాయి. ఇద్దరు మొదలుకొని నలుగురి వరకు కూర్చుని, మాటా సైగా లేకుండా, తమ చేతుల్లోని కార్డులన్నీ చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు వరుస తప్పకుండా దించాలి. పెట్టె మీద సంగీతం ఊసే లేదు గానీ, ఆడేవాళ్ల మధ్య ఒక కాలప్రమాణం కుదరకపోతే రెండో మెట్టు కూడా దాటలేరు. తని ఆవర్తనంలో (కచేరీలో లయవాద్యాలే వాయించే ఘట్టంలో) చివరి ముక్తాయింపు ముగియగానే గాయకుడూ వయొలినూ మృదంగమూ ఒక్కసారిగా పాట ఎత్తుగడకు చేరే క్షణాన్ని ఇష్టపడే మనిషికి ఇందులోని మజా వెంటనే పట్టుబడుతుంది.

మరో చిన్న మాట. నెల్లూరు గాలిలోని తేమకు కార్డులు వంగిపోతాయి. పండగ పూట అరిసెల నూనె చేతుల సంగతి వేరే చెప్పాలా? ఏది కొన్నా కార్డు తొడుగులు ఒక ప్యాకెట్టు జతచేయండి.

జవాబు (ఒంగోలు శ్రోత)

కావలి వారు చెప్పినవి మంచి ఆటలే, కానీ రాగం గుర్తుపట్టే మనిషికి మోత్సార్ట్ పెట్టె ఇవ్వడం కంటే మన సంగీతంలోనే దాగి ఉన్న ఆటను బయటికి తీసి ఇవ్వడం మేలని నా అభిప్రాయం. డెబ్బైరెండు మేళకర్తలతో, అంటే మేళాలనే తల్లి రాగాలతో, ఒక పేక కట్ట తయారుచేయించండి.

మేళకర్త పద్ధతి చూడటానికి శాస్త్రంగా కనిపించినా లోపలంతా లెక్కే. రిషభ గాంధారాలు (రి, గ) కలిసే తీరులు ఆరు, ధైవత నిషాదాలు (ద, ని) కలిసే తీరులు ఆరు, మధ్యమాలు (మ) రెండు; 6 × 6 × 2 = 72. వీటిని చక్రానికి ఆరు చొప్పున ఇందు, నేత్ర, అగ్ని మొదలుకొని ఆదిత్య వరకు పన్నెండు చక్రాలుగా పంచారు. చక్రం ఏదో తెలిస్తే రిషభ గాంధారాలు తెలుస్తాయి. చక్రంలో ఎన్నో స్థానమో తెలిస్తే ధైవత నిషాదాలు తెలుస్తాయి. మొదటి ముప్పైయారూ శుద్ధమధ్యమం, తక్కినవి ప్రతిమధ్యమం. పేకలో ఆటీను, ఇస్పేటు, డైమను, కళావరు ఎలాగో ఇక్కడ చక్రాలు అలాగన్నమాట. కాబట్టి రమ్మీ తెలిసిన ఇంట్లో కొత్తగా నేర్పవలసింది పెద్దగా ఏమీ ఉండదు.

వరుస కావాలంటే ఒకే చక్రంలోని మూడు పక్కపక్క కార్డులు పట్టాలి: 28 హరికాంభోజి, 29 ధీరశంకరాభరణం, 30 నాగనందిని బాణచక్రంలో ఒక వరుస. సెట్టు కావాలంటే వేర్వేరు చక్రాల్లో ఒకే స్థానంలో ఉన్నవి మూడు చేర్చాలి: 17 సూర్యకాంతం, 23 గౌరీమనోహరి, 29 ధీరశంకరాభరణం మూడింటిలోనూ చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదమే. ముప్పైయారు తేడా ఉన్న జంట, అంటే మధ్యమం ఒక్కటే మారిన రాగాలు, చేతిలో పడితే ఆ జంటను జోకరుగా చెల్లించుకోవచ్చు: 15 మాయామాళవగౌళకు 51 కామవర్ధని, 22 ఖరహరప్రియకు 58 హేమవతి. ఇక మీ మరిదిలాంటి వాళ్ల కోసం ఒక ప్రత్యేకమైన షో పెట్టండి. శంకరాభరణంలోని ఒక్కొక్క స్వరాన్ని షడ్జంగా (స) భావిస్తూ పోతే, రిషభం నుంచి ఖరహరప్రియ, గాంధారం నుంచి తోడి, మధ్యమం నుంచి కల్యాణి, పంచమం (ప) నుంచి హరికాంభోజి, ధైవతం నుంచి నఠభైరవి వస్తాయి. నిషాదం దగ్గర మాత్రం పంచమం దొరకక మేళం కుదరదు. గ్రహభేదంతో పుట్టిన ఈ అయిదూ, తల్లి శంకరాభరణమూ కలిపి ఆరు కార్డులూ ఒకే చేతిలో పడితే ఆట అక్కడికక్కడే ముగిసినట్టు లెక్క. అది ఎప్పుడో గానీ పడదు, పడినప్పుడు మాత్రం ఇల్లు ఎగిరిపోతుంది.

కార్డు పై మూలన చక్రం పేరు, రాగం పేరు పెద్దగా వేయించి, సంఖ్యను కింద మూలన సన్నగా వేయించండి. సంఖ్య చూడకుండా కటపయాది లెక్కతో చెప్పినవారికి అదనపు మార్కు ఇవ్వవచ్చు. పేరులోని మొదటి రెండు అక్షరాలకు అంకెలు కట్టి తిరగేస్తే మేళం సంఖ్య వస్తుంది: మ 5, చ 6, తిరగేస్తే 65, మేచకల్యాణి. కల్యాణికి మేచ అనీ, శంకరాభరణానికి ధీర అనీ ముందు తగిలించింది ఈ లెక్క కోసమే. సంయుక్తాక్షరాల దగ్గర పిల్లలు తప్పకుండా పోట్లాడుకుంటారు, ఎందుకంటే రత్నాంగిలో కింది అక్షరం న లెక్కకు వస్తే, చక్రవాకంలో పై అక్షరం క లెక్కకు వస్తుంది.

అచ్చు విషయం: కార్డు 63 × 88 మిల్లీమీటర్లు ఉంటే బజారులో దొరికే తొడుగులు సరిగ్గా పడతాయి, ఏ4 కాగితానికి తొమ్మిది చొప్పున ఎనిమిది కాగితాల్లో కట్ట మొత్తం వచ్చేస్తుంది. పెళ్లి కార్డులు, విజిటింగ్ కార్డులు వేసే ఏ ప్రెస్సయినా 300 జీఎస్ఎం ఆర్టు కార్డు మీద రెండువైపులా వేసి, మ్యాట్ లామినేషన్ చేసి, మూలలు గుండ్రంగా కోసి ఇస్తుంది. మెరిసే లామినేషన్ వద్దు. దీపం కింద అక్షరాలు కనపడవు, తేమకు కార్డులు ఒకదానికొకటి అంటుకుంటాయి. డిసెంబరు చివర ప్రెస్సులన్నీ క్యాలెండర్ల పనిలో మునిగి ఉంటాయి కాబట్టి ఇప్పుడే చెప్పిపెట్టుకోండి.

మార్కులు రాసుకోవడానికి ఒక మార్కాపురం పలక పెట్టెలో వేయండి. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. మార్కాపురం వైపే ఉన్న మన అర్ధవీడు మండలంలోని కాకర్ల నుంచే ఆయన పూర్వీకులు తమిళదేశం వెళ్లారని పెద్దలు చెబుతారు గనుక, పలకకూ కీర్తనకూ చుట్టరికం కలిపినట్టూ ఉంటుంది.

జవాబు (చీమకుర్తి మామయ్య)

అమ్మా, రెండు ఇష్టాలనూ ఒకే వస్తువులో ఇరికించాలని ఎందుకు పట్టుదల? ఆటకు ఆట, పాటకు పాట. మా ఊళ్లో గ్రానైటు ఫ్యాక్టరీల దగ్గర గెలాక్సీ రాయి ముక్కలు మిగిలిపోయి పడుంటాయి. అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్క ఒకటి అడిగి తీసుకుని, శిలాఫలకాలు చెక్కేవారి చేత దాని మీద పులిజూదం గీతలు చెక్కించండి. పాత గుళ్ల మండపాల్లో నేల మీద ఇవే గీతలు కనిపిస్తాయి. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవైమూడు స్థానాలు. మేకలను ఒక్కొక్కటే దించాలి, పదిహేనూ దిగేదాకా ఏ మేకా కదలకూడదు, పులి మాత్రం మొదటి నుంచీ దూకి తింటూనే ఉంటుంది. చెప్పడానికి అర నిమిషం చాలు, మీ మామగారికి పేపరు అందుకునే వ్యవధి ఉండదు. పులులను, మేకలను ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చెక్కే కుటుంబాల చేత చేయించండి. ఆ చెక్క తేలికగా ఉంటుంది, చేతికి నునుపుగా తగులుతుంది.

ప్రశ్న అడిగినవారు (నెల్లూరు వదిన)

అందరికీ ధన్యవాదాలు. మామయ్యగారి రాయి మీద మా అత్తగారి మనసు పడింది గానీ, రెండు సెంటీమీటర్ల మందం వేసుకున్నా అది అయిదు కిలోలు దాటుతుందని మా వారు లెక్కకట్టారు. బెంగళూరు బస్సులో మోయించలేము కనుక దాన్ని ఇంటికోసం వేరుగా చేయించుకుంటాం. మరిదికి మాత్రం మేళకర్త కట్టే. ఇక్కడ ప్రెస్సు వారితో మాట్లాడాను, నమూనా కాగితం వేసి చూపిస్తామన్నారు. ఒక్క సందేహం: అతను తిరిగి వెళ్లాక స్నేహితుడితో ఇద్దరే ఆడాలంటే డెబ్బైరెండు కార్డులు ఎక్కువ కావా?

జవాబు (ఒంగోలు శ్రోత)

ఎక్కువే. ఇద్దరున్నప్పుడు ప్రతిమధ్యమం సగం పక్కన పెట్టి, ముప్పైయారు కార్డులతో, మనిషికి ఏడు చొప్పున పంచుకోమనండి. జంట జోకరు నియమం అప్పుడు ఉండదు. గ్రహభేదం షోలో కల్యాణిని వదిలేసి అయిదు కార్డులతో సరిపెట్టుకోవచ్చు. నమూనా కాగితం రాగానే రాగాల పేర్ల కంటే ముందు, కార్డుల మీద వేయించే స్వరాల గుర్తులు సరిచూడండి. చతుశ్రుతి ధైవతానికి గుర్తు ధి, షట్శ్రుతి ధైవతానికి గుర్తు ధు; ఇవి గుడిలోనూ కొమ్ములోనూ మాత్రమే తేడా ఉన్న అక్షరాలు కాబట్టి, సన్నటి అచ్చులో ఒకటి మరొకటిగా కనిపిస్తే గౌరీమనోహరి కాస్తా వరుణప్రియ అయిపోతుంది.