అప్‌డేట్: అమ్మ నిద్రమాత్ర, ఆ సంస్థ వెనుక ఉన్నవారు

మా అమ్మగారు తొమ్మిదేళ్లుగా వేసుకుంటున్న నిద్రమాత్ర క్లోనజెపామ్‌ను తగ్గించదలచి, మానసిక వైద్యంలో రాసే మందుల నుంచి బయటపడదలచిన వారికి తోడ్పడే అమెరికా స్వచ్ఛంద సంస్థ ఇన్నర్ కంపాస్ ఇనిషియేటివ్ వెనుక ఎవరున్నారని, వారిని నమ్మవచ్చునా అని వేసవిలో అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

స్థాపకురాలు లారా డిలానో వైద్యురాలు కారు. కౌమారంలోనే బైపోలార్ (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే మానసిక వ్యాధి) అని నిర్ధారించగా, ఏళ్ల తరబడి అనేక మందులు వాడి, 2010లో వాటిని విడిచినవారు. మొదట నాకది లోపంగానే తోచింది. అయితే ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో 1982 నుంచి 1994 వరకు క్లోనజెపామ్ వంటి బెంజోడయజెపైన్ తరగతి మందులు మానదలచిన వారికోసం క్లినిక్ నడిపిన ప్రొఫెసర్ హెదర్ యాష్టన్ కూడా ముందు రోగుల మాట విన్నారు. మోతాదు చిన్నదయ్యేకొద్దీ తగ్గింపు కూడా చిన్నదవ్వాలని 2019లో డేవిడ్ టేలర్‌తో కలిసి రాసిన మార్క్ హొరోవిట్జ్, తాను కుంగుబాటుకు వాడిన మందు, అంటే యాంటీడిప్రెసెంట్‌ను మానబోయి స్వయంగా అవస్థపడ్డ వైద్యుడు.

ఇదంతా అమలాపురంలోని మా డాక్టరుగారికి చూపించాను. ఆయన కొంత విసుక్కున్నా (సహజమే), హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదముందని హెచ్చరించి, అర, పావు మిల్లీగ్రాము మాత్రలతో మెల్లగా దిగే పట్టిక రాసిచ్చారు. మొదటి తగ్గింపుకు అమ్మ పది రోజులు తెల్లవారుజామునే లేచి కాలువ గట్టున కూర్చున్నారు, తర్వాత కుదుటపడ్డారు. రెండోది కష్టమైంది. వరికోతలు పూర్తయ్యేదాకా మోతాదు కదపవద్దని డాక్టరుగారన్నారు, ప్రస్తుతం అక్కడే ఆగాము.