గొలుసుకట్టు చెరువులకు ఉమ్మడి ప్రణాళిక ఎవరు వేయాలి?

ప్రశ్న: ఒక చెరువు నిండితే మిగులు నీరు దాని దిగువ చెరువుకు చేరే గొలుసుకట్టులో మూడవ చెరువు మాది. ఎగువ పంచాయతీవారు తమ చెరువు అలుగు (నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటు) ఎత్తు పెంచడంతో మాకు నీరు ఆలస్యంగా చేరుతోంది. దిగువన మున్సిపాలిటీ పరిధిలో వాగు పక్కనే ఇళ్లు కట్టడం వల్ల, మా చెరువు అలుగు పారినప్పుడల్లా ఆ కాలనీలు మునుగుతున్నాయి. ఎవరి తీర్మానాలు వారు చేసుకుంటున్న ఈ స్థితిలో, ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టే చట్టబద్ధమైన వేదిక ఉందా?

సమాధానం 1: ఉందండీ. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, 243 జడ్‌డి అధికరణం ద్వారా జిల్లా ప్రణాళికా సంఘానికి చోటు కల్పించింది. పంచాయతీలు, మున్సిపాలిటీలు తయారుచేసిన ప్రణాళికలను క్రోడీకరించి జిల్లా ముసాయిదాను రూపొందించడం దాని పని. నీటి పంపకం, మౌలిక సదుపాయాలు, పర్యావరణ పరిరక్షణ వంటి ఉమ్మడి అంశాలను అందులో పరిగణించాలని ఆ అధికరణమే చెబుతోంది. సభ్యుల్లో కనీసం ఐదింట నాలుగు వంతుల మంది జిల్లా పరిషత్తు, మున్సిపాలిటీల ప్రతినిధుల నుంచే ఎన్నిక కావాలి గనుక, మీ జడ్పీటీసీ సభ్యునితో మొదలుపెట్టండి.

సమాధానం 2: అంతకుముందే కొలతలు సిద్ధం చేసుకోండి. మా దగ్గర ఇంజనీరు సమక్షంలో అలుగు మట్టాన్ని పాత రికార్డులతో పోల్చి చూసిన తరువాతే రెండు ఊళ్ల తగాదా చల్లబడింది. నీరటి పని (చెరువు నీటిని పొలాలకు వదిలే పని) చేసిన పెద్దలను తప్పక పిలవండి; ఏ తూము ఎప్పుడు తెరిచేవారో వారికే బాగా తెలుసు.

ప్రశ్న వేసినవారు: కృతజ్ఞతలు. ముందుగా ఎగువ సర్పంచ్ గారిని కలిసి, ఇద్దరం కలిసి కొలతలు తీయిద్దామని అడుగుతాను.