తప్పు కనిపించినా చెయ్యి ఆపుకోవడం ఎలా?

రెండేళ్లుగా నీటిరంగులతో బొమ్మలు వేస్తున్నాను. సగం అయ్యేసరికి లోపల ఒక గొంతు మొదలవుతుంది: ముక్కు వంకరపోయింది, నీడ మురికిగా ఉంది అని. ఇక చెయ్యి ఆగదు.

నిన్న అమ్మ ముఖం వేస్తున్నాను. చెంప మీద రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. చిన్న మరక సరిచేద్దామని తడి కుంచె పెట్టాను. నీళ్లు పాకి కాలీఫ్లవర్‌లా అంచు కట్టింది. దాన్ని రుద్దితే కాగితం పైపొర నూగులా లేచింది. నీటిరంగు ఆరితే లేతబడుతుంది, మరకను వదిలేసి ఉంటే అంతగా కనిపించేది కాదు. తెలిసీ ఆగలేకపోయాను. చివరికి చించేశాను. కళ్లు మాత్రం అచ్చం అమ్మవే. అదే బాధ.

1908లో ప్రసిద్ధ ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే కూడా ప్రదర్శనకు ముందు తన కలువల చిత్రాలు కనీసం 15 పాడుచేసేశాడట. అంతటివాడికే తప్పలేదంటే నాకెప్పుడు తగ్గుతుందోనని టెన్షన్.

కాగితం వైపు చూడకుండా పెన్నుతో గీయడం కొన్నాళ్లు చేశాను. అంతసేపూ ఆ గొంతు వినపడదు. రంగులు తీయగానే మళ్లీ మొదలు.

ఎక్కడ ఆపాలో మీకెలా తెలుస్తుంది? పాడైందనుకున్న బొమ్మను దాచి, నెల తర్వాత చూస్తే నిజంగా వేరుగా అనిపిస్తుందా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.