బైక్ యాక్సిడెంట్‌ల కాలు ఇరిగితే తలకు సీటీ స్కాన్ ఎందుకు తీస్తున్నరు?

నకిరేకల్ బావ:
అన్నలు జర అర్జెంట్. మా బామ్మర్ది పొద్దుగాల చిట్యాల కాడ హైవే మీద రాంగ్ రూట్ల వచ్చిన ఆటోకు తాకి పడ్డడు, కుడికాలు మోకాలి కింద ఇరిగి బొక్క బయటికే వచ్చింది, ప్యాంటు కోసి చూస్తే కంకర, మట్టి అంత అండ్లనే ఉంది. హెల్మెట్ లేకుండె. చెవి పైన చిన్న బొడిప తప్ప తలకేం కాలె, మంచిగనే మాట్లాడుతుండు, అయినా డాక్టర్లు ముందు తలకు సీటీ అంటున్నరు. మా మామ పైసల కోసమే అని లొల్లి, ఊరోళ్లేమో కట్టు కట్టిద్దాం అంటున్నరు. ఏం చెయ్యాలె?

పాలమూరు సిస్టర్:
ముందు సీటీకి పంపుండ్రి, ఇది తర్వాత చదువుండ్రి. చెవి పైన పుర్రె పల్చగ ఉంటది, దాని లోపల్నే రక్తనాళం పోతది, అది తెగితే పుర్రెకు మెదడు పొరకు నడుమ రక్తం మెల్లగ నిండుతది, అందుకే మొదలు మంచిగనే మాట్లాడుతరు, తర్వాత నిద్రొస్తుంది అంటరు, వాంతి అయితది, ఒక కన్నుల నల్లగుడ్డు పెద్దగైతది. నా డ్యూటీల ఒక పిలగాడు స్ట్రెచర్ మీద కూసొని వాళ్లమ్మకు తనే ఫోన్ చేసిండు, ఫోన్ నా చేతికిచ్చి పది నిమిషాలకు పిలిస్తే పలకలె. వెంటనే ఆపరేషన్ అయింది కాబట్టి బతికిండు. హెల్మెట్‌తో తల గాయం ముప్పు 70 శాతం దాక తగ్గుతది, కని అది ఆయన ఇంటికొచ్చినంక చెప్పుండ్రి, ఇప్పుడొద్దు.

జడ్చర్ల ఆర్థో:
కట్టు అస్సలొద్దు. కారుకు ముందట బానెట్ ఉంటది, బైకోళ్లకు కాలే అడ్డం, ఏది తాకినా బండికి రోడ్డుకు నడుమ అదే నలుగుతది. ఎనుక పిక్క కండ ఉంది కని ముందటి బొక్క మీద ఉత్త తోలే, అందుకే చీల్చుకొని వస్తది. మట్టి పోయిన గాయం మీద కట్టేస్తే లోపల చీము పట్టి కాలు తీసేసే దాక పోతది. యాంటిబయాటిక్ ఎంత జల్ది పడితే అంత మంచిది, ఆపరేషన్ థియేటర్ల సెలైన్‌తో కడగాలె. పసుపు గిట్ల పెట్టకుండ్రి. పైసల సంగతి, రోడ్డు ప్రమాదాలకు 2025 మే నుంచి కేంద్రం క్యాష్‌లెస్ స్కీం ఉంది, 7 రోజులకు లక్షన్నర దాక, లిస్టుల ఉన్న హాస్పిటలేనా అడుగుండ్రి, పోలీసులకు కూడా చెప్పుండ్రి.

నకిరేకల్ బావ:
సీటీల కొంచెం రక్తం కనవడ్డదంట, ఐసీయూల పెట్టి చూస్తున్నరు, రేపు మళ్ల తీస్తరంట. కాలు కడిగి బయట రాడ్లు ఏసిండ్రు. మామ ఇప్పుడు మాట్లాడుతలేడు, ఐసీయూ తలుపు కాడనే కూసున్నడు. ఇంకోటి, బామ్మర్ది కుడిచెయ్యి లేస్తలేదు అంటుండు, ఎక్స్‌రేల బొక్క మంచిగనే ఉంది?

మిర్యాలగూడ అన్న:
నాకు గిట్లనే అయింది తమ్మీ. భుజం నేలకు తాకి తల అవతలికి ఒరిగితే మెడకాడి నరాలు గుంజుకపోతయి, ఎక్స్‌రేల కనవడదు. ఇయ్యాలనే డాక్టర్‌కు చెప్పు. కొన్ని వాటంతటవే వస్తయి, రాకపోతే ఆపరేషన్ మూడు నుంచి ఆరు నెలల్లోపే మంచిగ పనిచేస్తది, నేను తగ్గుతదిలే అని ఏడాది ఆగిన, ఇప్పటికీ అంగీ గుండీలు ఎడమచేత్తోనే పెట్టుకుంట. చెయ్యి కింద దిండు పెట్టుండ్రి, ఏలాడనీయకుండ్రి.